కనకమ్మ ఇంటికి వెయ్యిమంది

ఇప్పుడు వెబ్‌సైటంటే అరగంట పని. రెండువేల ఐదులో అలా కాదు. విశాఖపట్నంలో ఓ మేడ మీద మాది రెండు గదుల కంపెనీ. మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. యజమాని శివకుమార్ గారు. డిజైనర్నీ, ఫొటోగ్రాఫర్నీ, ఫోనెత్తే మనిషినీ కూడా నేనే, హారికని. అక్కడ ముప్ఫై సైట్ల దాకా చేసుంటాను. వాటిలో ఇప్పటికీ కళ్ళముందు కదిలేది ఒక్కటే, పాంగి కనకమ్మది.

అరకు సంతకి నాలుగు కిలోమీటర్ల అవతల, కొండవాలులో కనకమ్మ వాళ్ళ ఊరు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. భర్త పోయాక కాఫీ తోట, రాగులేసిన చోడి చేను ఒక్కతే చూసుకునేది. రోడ్డు పక్కన ఫొటోలు దిగి వెళ్ళిపోయే టూరిస్టుల్ని చూసి, వీళ్ళు మా ఊళ్ళో ఓ పూట ఉంటే బాగుణ్ణనుకుంది. అనుకుని ఊరుకునే రకం కాదు. ఊరందరినీ కూర్చోబెట్టి, మనుషులొస్తారు, పూచీ నాది అని ఒప్పించింది. తలో చెయ్యీ వేసి ఆవిడ ఇంటి పక్కన రెండు గదులు లేపారు. ఎర్రమట్టి గోడలు, పెంకుల కప్పు. కప్పు వేసి ఆర్నెల్లయినా ఒక్కరూ రాలేదు. ఆ గదుల్లో మిరియాలు పోసుకుంటే పోయె అని ఊళ్ళో కొందరు మెల్లగా అనడం మొదలెట్టారు. ఆవిడ మాట ఎంతకాలం నిలుస్తుందో ఎవరికీ తెలీదు.

శివకుమార్ గారు అరకు షికారుకెళ్ళి, ఆవిడ చేతి కాఫీ తాగి, నెట్‌లో పెడితే జనం విరగబడతారని చెప్పి వచ్చారు. హోటళ్ళవాళ్ళకి చూపించుకోవడానికి ఆయనకో శాంపిలు కావాలి. ఆవిడకి మనుషులు కావాలి. బేరం కుదిరింది.

ఫొటోలకి నన్ను పంపారు. కిరండూల్ పాసింజర్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను, మధ్యలో లెక్క తప్పాను. కెమెరా తియ్యబోతే కనకమ్మ ఊరుకోలేదు.

"ముందు అంబలి తాగు. కడుపులో ఏటీ నేకుండా ఇంటికి ఫొటోలేటి?"

తాగాను. పుల్లపుల్లగా, చల్లగా ఉంది. సిగ్గు లేకుండా ఇంకో గ్లాసు అడిగాను. ఆవిడకి నేను నచ్చింది అప్పుడే అనుకుంటాను.

పేజీలు తయారయ్యాక ఆవిడకి చూపించడం పెద్ద పని. అరకులో సింహాచలం గారి కొట్టు ఒక్కటే గతి. ఫోను, జెరాక్సు, నెట్టు, అన్నీ అందులోనే. అక్కడ మా పేజీ ఒకటి తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. అందుకని రంగుల్లో ప్రింట్లు తీయించి నేనే పట్టుకెళ్ళేదాన్ని. ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెప్పేదాన్ని. కనకమ్మ ఆ కాగితాల్ని రెండు చేతులా పట్టుకుని, పెళ్ళిచూపుల్లో అత్తగారిలా పరీక్ష చేసేది.

"ఈ నీళ్ళెక్కడివి గుంటా?" ఆడపిల్లల్ని వాళ్ళ వైపు గుంటా అనే పిలుస్తారు.

మొదటి పేజీ నిండా శివకుమార్ గారు ఎక్కణ్ణుంచో తెచ్చిన జలపాతం ఉంది. అందానికి పెట్టామన్నాను.

"మా ఊళ్ళో నేదు కదా. వొచ్చినోళ్ళు అడిగితే ఏటి సూపించను? తీసెయ్. ఇంటికొచ్చినోళ్ళకి ముందు గుమ్మం అగుపడాల."

జలపాతం పోయి గుమ్మం వచ్చింది. నిజం చెప్పాలంటే పేజీకి అప్పుడే ఓ ముఖం వచ్చింది. ఇరవై నాలుగ్గంటలూ వేణ్ణీళ్ళు అని రాస్తే, అడిగితే పొయ్యి మీద కాచి ఇస్తాం అని మార్పించింది. ప్రశాంత వాతావరణం అని చదివితే పకపకా నవ్వింది.

"తెల్లారకుండానే కోళ్ళు కూసి సంపుతాయి. అదీ రాయి."

రాశాను. శివకుమార్ గారు తలపట్టుకున్నారు. "ఇది సైటా, కోర్టు వాంగ్మూలమా?" అన్నారు.

నాలుగుసార్లు కొండెక్కి దిగాక అన్నిటికీ సరేనంది. ఫోను నంబరు సింహాచలం గారి కొట్టుది ఇచ్చాం, కబురు పంపుతానని ఆయన ఒప్పుకున్నాడు. ఇక సైటుని నెట్‌లోకి ఎక్కించడమే. ఆ రోజుల్లో ప్రతి సైటుకీ అడుగున ఓ అంకెల పెట్టె ఉండేది. మీరు ఇన్నో అతిథి అని చూపించేది. శివకుమార్ గారు నా భుజం మీదుగా వంగి, "సున్నా నుంచి మొదలెడితే పరువేం ఉంటుంది? వెయ్యి పెట్టు" అన్నారు.

పెట్టాను. అందరూ పెట్టేవారు. ఆ సంగతి కనకమ్మకి చెప్పాలని నాకు తోచలేదు.

పదిరోజులకి కనకమ్మ నుంచి ఫోను. సంతకి వచ్చి, సింహాచలం గారి కొట్లో సైటు తెరిపించుకుని చూసిందట. అడుగునున్న అంకె ఆయన చదివి చెప్పాడట.

"వెయ్యిన్ని పదమూడు మంది సూసేరంట గుంటా!" ఆవిడ గొంతు ఫోనులోంచి గదంతా వినిపించింది. "నేను మరీ అంత అమాయకపుదాన్ని కాదు. అందరూ రారు. నూటికొక్కడొచ్చినా పదిమంది కదా. రెండు గదులు సాలవు. ఇంకో అయిదిళ్ళు కాళీ సేయించేను. అడ్డాకుల విస్తళ్ళు కుట్టిస్తన్నాను. ఊరోళ్ళు ఇప్పుడు నా మాటకి ఎదురు సెప్పట్నేదు!"

అప్పుడే చెప్పెయ్యాల్సింది. ఫోనులో ధైర్యం చాలలేదు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. ఈసారి సొరంగాలు లెక్కపెట్టలేదు. వాకిట్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని విస్తళ్ళు కుడుతున్నారు. గుట్టలు గుట్టలుగా పచ్చటి విస్తళ్ళు. కనకమ్మ ఎదురొచ్చి అంబలి ఇవ్వబోతే వద్దన్నాను.

"వెయ్యీ నేను పెట్టిన అంకె పిన్నీ. నిజం కాదు."

కుట్టే ఈనెపుల్లలు ఆగిపోయాయి.

"మరి నిజంగా ఎందరు?"

"పదమూడు. అందులో పదిసార్లు మేమే సరిచూసుకున్నాం. ఒకటి సింహాచలం గారి కొట్లో మీరు చూసింది."

"అయితే ఇద్దరు."

"ఇద్దరు."

ఆవిడ గ్లాసు అరుగు మీద పెట్టింది. "వేణ్ణీళ్ళ సంగతి నిజమే రాయించేను. కోళ్ళ సంగతీ రాయించేను. నన్నడక్కుండా నా ఇంటికి దొంగలెక్క కట్టీసేవేటి?" అరవలేదు. అరిచినా బాగుండేది. "పద. అయిదిళ్ళకీ నేనెల్లి సెప్పేను. ఇప్పుడు నువ్వు సెప్పు."

అయిదిళ్ళకీ తిరిగాం. సర్దిన సామాను, కొత్తగా అలికిన నేల చూస్తూ ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పాను. నేను చెప్పడం అయ్యాక ప్రతిచోటా కనకమ్మ ఒక్కటే అంది, "పూచీ నాది, తప్పూ నాదే." మూడో ఇంటికే నాకు ఏడుపొచ్చేసింది. ఆఖరింట్లో ముసలి యర్రమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఆ ఇద్దరైనా వత్తారా?" అంది.

ఊరు దాటేదాకా వచ్చి కనకమ్మ అంది, "రెండని ఎయ్యి. బేగి ఎయ్యి."

ఆ సాయంత్రమే వేశాను. శివకుమార్ గారు ఎగిరిపడ్డారు. రెండు చూస్తే ఎవడొస్తాడు, సైటు మూసుకోవడం మేలన్నారు. మళ్ళీ మారిస్తే ఉద్యోగం మానేస్తానన్నాను. నేను మానేస్తే ఫోనెత్తేవాళ్ళు కూడా లేరు, అందుకని ఊరుకున్నారు.

డిసెంబరులో మళ్ళీ ఫోను. కలకత్తా నుంచి రిటైరైన దంపతులు వచ్చారట. మీరు పంతొమ్మిదో అతిథి అని సైటులో చూసి, ఇంత తక్కువమందికి తెలిసిన చోటైతే రద్దీ ఉండదనుకున్నారట. కోళ్ళ సంగతి ముందే చెప్పినందుకు ముచ్చటపడ్డారట. ఒక్కరోజు ఉందామని వచ్చి నాలుగు రోజులున్నారు.

"ఇద్దరొచ్చేరు గుంటా! ఆ ఇద్దరే!" అంది కనకమ్మ.

ఆ ఇద్దరో కాదో నాకు తెలీదు పిన్నీ అన్నాను. ఆపాటికి నాకూ బుద్ధొచ్చింది.

తరవాత మా కంపెనీ మూతపడింది. సైటు పేరుకి ఏటా డబ్బు కట్టేవాళ్ళు లేక సైటూ పోయింది. ఇప్పుడు ఎంత వెతికినా ఆ గుమ్మం కనిపించదు, అదొక్కటి నాకు నిజంగా బాధ. నాలుగేళ్ళ తరవాత, రెండువేల తొమ్మిదిలో, సెలవు పెట్టుకుని ఆ ఊరెళ్ళాను. రెండు గదులు నాలుగయ్యాయి. ఓ గదిలో ఎవరో పాట పాడుకుంటున్నారు. యర్రమ్మ ఇంట్లోనూ అతిథులున్నారు.

అరుగు పక్క ఎర్రగోడ మీద సున్నంతో గీసిన గీతలు కనిపించాయి, వరస మీద వరస. వచ్చి అన్నం తిన్న ప్రతి మనిషికీ ఒక గీతట. వానకి చెరిగితే మళ్ళీ దిద్దుతుందట.

"కలకత్తా వాళ్ళవి మొదటి రెండూనా?" అన్నాను.

"కాదు. రెండోదీ మూడోదీ."

"మరి మొదటిది?"

"నీది. ఫొటోలకొచ్చిన్నాడు రెండు గ్లాసులు అంబలి తాగేవు కదా." ఇంట్లోకెళ్ళి సున్నం డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. "పట్టుకో, ఇయ్యాల్టిది గీత్తాను."

పట్టుకున్నాను. "ముందు అంబలి పొయ్యండి పిన్నీ, తాగాక గీద్దురు గాని" అన్నాను.