గట్టుపేట ఏ ఊరిది?

ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఎండాకాలం మొదట్లో, నన్ను పశ్చిమ గోదావరిలో సముద్రం వైపున్న ఒక డివిజన్‌కు డివిజనల్ పంచాయతీ అధికారిగా వేశారు. మా శాఖలో ఇది మధ్యమెట్టు ఉద్యోగం. పైన జిల్లా పంచాయతీ అధికారి, ఆయన పైన కలెక్టరు గారు. కింద మండలాల్లో విస్తరణాధికారులు, ఊళ్లలో పంచాయతీ కార్యదర్శులు. పైనుంచి వచ్చే చీవాట్లు, కిందనుంచి వచ్చే సాకులు మా బల్ల మీదే కలుసుకుంటాయి. కొత్త కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే మా సూపరింటెండెంటు గారు ఒక లావుపాటి ఫైలు తెచ్చి నా ముందు పెట్టి, "ఇది ముందు చూడండి మేడమ్, దీనికి తొందర ఎక్కువ" అన్నారు.

నల్లకోడూరు, ఇసుకమెరక అనే రెండు పంచాయతీల మధ్య హద్దును తిరిగి పరిశీలించి సిఫారసు పంపమని అందులో ఉంది. జనగణన మొదలయ్యే ముందు ఊళ్ల హద్దులన్నీ స్తంభింపజేస్తారు. ఆ గడువు దాటితే లెక్కలు పూర్తయ్యేదాకా ఏ ఊరి గీతా అంగుళం కదలదు. అంటే ఆ ఎండాకాలంలో తేలకపోతే మరి కొన్నేళ్లు ఆ ఫైలు అలా మూలుగుతూనే ఉంటుంది.

ఆ ఫైలుకు కేంద్రం గట్టుపేట. మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న శివారు. ఉన్నవాళ్లంతా ఏటిలోనూ కోడులోనూ వేటాడే మత్స్యకారులు. కోడు అంటే పొలాల మురుగునీటిని సముద్రంలోకి మోసుకుపోయే పెద్ద కాలవ. ఒకప్పుడు అది గట్టుపేటకు అవతల, ఇసుకమెరక వైపున వంపు తిరిగి పారేది. తరువాత వరద తొందరగా దిగాలని దాన్ని తిన్నగా తవ్వారు. ఆ కొత్త కాలవ గట్టుపేటకూ నల్లకోడూరుకూ మధ్యన పడింది. కాగితం మీద గట్టుపేట నల్లకోడూరుదే. నేల మీద మాత్రం అది ఇసుకమెరకకు ఆనుకుని ఉంది, నల్లకోడూరు వెళ్లాలంటే తాటిదుంగల వంతెన దాటాలి.

మంచినీళ్ల కుళాయి దగ్గర ఈ తేడా బాగా తెలిసేది. నల్లకోడూరు పంచాయతీ కోడు మీదుగా వేసిన పైపు వరదకు కొట్టుకుపోయింది. ఇసుకమెరక పైపు గట్టుపేట మొదటి ఇంటికి కూతవేటు దూరంలో ఆగిపోయింది. అక్కడినుంచి ముందుకు పొడిగించాలంటే అది ఆ పంచాయతీ పరిధి కాదు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఇసుకమెరక వీధి కుళాయికి వెళ్లి, అక్కడి వాళ్ల సణుగుడు విని, నీళ్లు తెచ్చుకునేవారు.

నేను మొదటిసారి తనిఖీకి వెళ్లినప్పుడు నాకు ఎదురొచ్చిన మనిషి వీరలక్ష్మి. నడివయసు, గట్టి గొంతు, పొదుపు సంఘానికి లీడరు. నన్ను తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు గ్లాసుతో ఇచ్చి, "ఇవి తాగేసి సెప్పండి మేడంగారూ, వీటి రుచి కాదు, వీటి బరువు ఎలా ఉందో" అంది. నాకు నవ్వొచ్చింది. గట్టుపేటను ఇసుకమెరకలో కలపాలని అర్జీ పెట్టించింది ఆవిడే. నేను లేచేటప్పుడు లోపలినుంచి ఒకాయన వచ్చి నమస్కారం పెట్టి, మాట్లాడకుండా వలలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆవిడ భర్త ధర్మరాజు అని నాతో వచ్చిన నల్లకోడూరు కార్యదర్శి చెప్పాడు.

ఇలాంటి పనికి ఒక వరస ఉంటుంది. రెండు పంచాయతీల అభిప్రాయం తీసుకోవాలి. మారబోయే సర్వే నంబర్లకు, నాలుగు దిక్కుల హద్దులకు మండల సర్వేయరు వివరణ రాయాలి. నోటీసు బోర్డు మీద అంటించి, ఊళ్లో టముకు వేయించి, అభ్యంతరాలు ఉంటే గడువులోగా రాతపూర్వకంగా ఇమ్మనాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ కారణం చూపిస్తూ సమాధానం రాయాలి. ఆ తరువాతే సిఫారసు పైకి వెళ్తుంది. ఉత్తర్వు కలెక్టరు గారిది, అచ్చు గెజిట్‌లో. నల్లకోడూరు సర్పంచ్ ఒక వార్డు తగ్గిపోతుందని కాస్త గునిసినా, వేయలేని పైపు బాధ్యత వదులుతుందని ఒప్పుకున్నారు. ఇసుకమెరక సర్పంచ్ రమణ గారు సంతోషంగా తీర్మానం పంపారు. ఇంత నున్నగా నడిచిన హద్దు ఫైలు నా సర్వీసులో లేదని మా సూపరింటెండెంటు గారితో అన్నాను కూడా.

గడువు చివరి రోజు ఒకే ఒక అభ్యంతరం వచ్చింది. పెట్టింది ధర్మరాజు.

ఆయన అభ్యంతరం నీళ్ల గురించి కాదు, గరగ గురించి. గోదావరి ఊళ్లలో గ్రామదేవత జాతరకు అమ్మవారి గరగను, అంటే ఆవిడ రూపంగా అలంకరించిన కలశాన్ని, తలకెత్తుకుని, డప్పులతో ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్లు గరగ ఎత్తినవాడి కాళ్ల మీద పసుపునీళ్లు పోస్తారు. నల్లకోడూరు ముత్యాలమ్మ గరగ ఎత్తే హక్కు తరతరాలుగా ధర్మరాజు ఇంటిది. జాతర ముందురోజు రాత్రి అమ్మవారు ఆ ఇంట్లోనే దిగుతుంది, తెల్లవారి అక్కడినుంచే బయలుదేరుతుంది. కానీ పొలిమేర దాటిన చోట గరగ రాత్రి నిలవకూడదని ఆ ఊరి కట్టుబాటు. గట్టుపేట వేరే ఊరిదైతే ధర్మరాజు ఇల్లు పొలిమేర అవతలిదవుతుంది, హక్కు మరో ఇంటికి పోతుంది.

మా సూపరింటెండెంటు గారు అప్పటికే సమాధానం తయారు చేసి ఉంచారు. "విషయానికి సంబంధం లేనిది గనుక తిరస్కరించడమైనది" అని. నిబంధన ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ ధర్మరాజు పట్టుదల మనిషని, కోర్టుకు వెళ్లి స్టే తెచ్చినా తెస్తాడని కార్యదర్శి చెప్పాడు. స్టే వస్తే స్తంభన గడువు దాటిపోతుంది, కుళాయి సంగతి అంతే. ఇవన్నీ పక్కన పెట్టినా, నాకు ఆ వాక్యం కింద సంతకం పెట్టబుద్ధి కాలేదు. ఫైలు సంచిలో వేసుకుని మళ్లీ గట్టుపేట వెళ్లాను.

మొగుడూపెళ్లాలు అరుగుకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. వాళ్లిద్దరి మధ్య మాటలు ఆగిపోయినట్టు చూస్తేనే తెలిసింది. ఏం చెప్పాలన్నా నాకే చెబుతున్నారు.

"ఏట్లో సేప దొరకని రోజులున్నాయి గానీ మేడంగారూ, అమ్మోరు మా ఇంట్లో దిగని జాతర లేదండి. మా నాన్న సేతుల్లోంచి నా నెత్తి మీదకొచ్చింది. నా దగ్గర ఆగిపోతే ఎలాగండి?" అన్నాడు ధర్మరాజు.

"అమ్మోరు ఏడాదికి ఓపాలి వస్తాది. నీళ్లు రోజూ కావాలి. ఆయనగారిని ఆ బిందె కూడా నెత్తి మీద పెట్టుకోమనండి, ఎలాగూ అలవాటే కదా" అంది వీరలక్ష్మి.

ఎవరిది న్యాయం అంటే ఇద్దరిదీనూ. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది, ఆవిడ మాట వింటే నవ్వు ఆగలేదు. ఇద్దరినీ ఒప్పించే వాక్యం ఏ నిబంధనల పుస్తకంలోనూ ఉండదని తెలిసి, ఉమ్మడి విచారణ పెట్టాను. రెండు పక్షాలను హద్దు దగ్గరికే పిలిచి, ఎదురెదురుగా వినడాన్ని అలా అంటాం.

గట్టు మీద వలలు బాగుచేసుకునే పాకలో కూర్చున్నాం. నల్లకోడూరు నుంచి ముత్యాలమ్మ గుడి పెద్ద సుబ్బరాజు గారు వచ్చారు. డెబ్భై దాటిన రైతు, మడత నలగని పంచె. ఇసుకమెరక నుంచి రమణ గారు. సర్వేయరు తన యంత్రం నిలబెట్టబోతే ఒక బాతుల మంద దాని కాళ్ల మధ్యనుంచి బారుగా దాటింది. అవి వెళ్లేదాకా ప్రభుత్వ విచారణ ఆగింది. తరువాత ఆయన కొత్త హద్దు వివరణ చదివాడు.

ధర్మరాజు లేచి, "ఈ గీత పడ్డాక మా ఇల్లు పొలిమేరకి ఇవతలా అవతలా? అది సెప్పండి" అన్నాడు. సర్వేయరు అవతలే అన్నాడు.

సుబ్బరాజు గారు నావైపు తిరిగారు. "వాళ్ల నాన్న గరగ ఎత్తితే నేను ముందు డప్పు పట్టుకుని నడిచానమ్మా. వేరే ఇంటికి హక్కివ్వడం నాకు మాత్రం ఇష్టమా? కానీ కట్టుబాటు కట్టుబాటే. పొలిమేర దాటాక అమ్మవారు నిలవదు" అన్నారు. ఆయన బాధ నటన కాదు. నేను కలం మూత పెట్టేశాను.

అప్పుడు టీ గ్లాసులు అందిస్తున్న వీరలక్ష్మి ఆగింది.

"రాజుగారూ, పొలిమేర ఇక్కడని మీకెలా తెలుస్తాదండి? గవర్నమెంటు రాయి సూసా?"

"రాయేంటమ్మా? జాతరకి పొలి చల్లుకుంటూ తిరుగుతాం కదా. పొలి పడిన చోటే పొలిమేర."

పొలి అంటే ఊరి చుట్టూ చల్లే పసుపు అన్నం. అది పడిన వలయం లోపలంతా అమ్మవారి కాపుదల.

"ఇప్పుడు మా ఇళ్ల ఎనకమాలనుంచి సల్లుతున్నారు కదండి?"

"మీరు మా ఊరే కనక అలా తిరిగి వస్తున్నాం."

"మరి అలాగే సల్లండి. ఎవరొద్దన్నారు? గీత సర్వేయరు గారిది, పొలి మీది. రెండూ ఒక్కచోటే పడాలని ఏ అమ్మోరు సెప్పిందండి?"

సుబ్బరాజు గారు టీ గ్లాసు కింద పెట్టారు. ఆయనకు ఆ మాట నచ్చిందని ముఖం చూస్తే తెలుస్తోంది. కానీ పెద్దమనిషి గనుక వెంటనే ఒప్పుకోకుండా ఒక చిక్కు వెతికారు. రేపు గట్టుపేట ఇసుకమెరకదైతే, ఆ ఊరి నూకాలమ్మ పొలి కూడా ఇక్కడే పడుతుంది. ఒకే నేల మీద ఇద్దరమ్మవార్లు ఎలా అని ఆయన సందేహం. దానికి రమణ గారు అడ్డుపడ్డారు.

"ఇద్దరూ అక్కచెల్లెళ్లే కదండీ రాజుగారూ! చెల్లెలు మా ఇంటికొచ్చి ఒక రాత్రి పడుకుంటే మా అక్క కాదంటుందా?"

"చెల్లెలు ఎవరు? ముత్యాలమ్మే అక్క" అన్నారు సుబ్బరాజు గారు, నిటారుగా కూర్చుని.

ఇక చూసుకోండి. హద్దు గొడవ పక్కకు పోయి, ఎవరు పెద్ద ఎవరు చిన్న అని రెండు ఊళ్ల వాళ్లూ లేచి నిలబడ్డారు. అమ్మవార్ల వయసు తేల్చే అధికారం పంచాయతీరాజ్ చట్టం నాకు ఇవ్వలేదని, దయచేసి కూర్చోమని చెప్పాను. నవ్వులతో పాక అదిరింది. ధర్మరాజు ఒక్కడే నవ్వలేదు.

"మాటలు మాటలేనండి. పొలి పడటం నేను కళ్లారా సూడాలి" అన్నాడు.

జాతర నాటికి మా గడువు దాటిపోతుంది. సుబ్బరాజు గారు కాసేపు గట్టు కేసి చూసి, జాతర పొలి జాతరకే ఉంటుందనీ, ఇది అమ్మవారికి కబురు చెప్పే పొలి అనుకోవచ్చనీ, వచ్చే మంగళవారం చల్లుదామనీ తీర్పు చెప్పారు. అంతకుముందు అలాంటిది ఎప్పుడైనా జరిగిందా అని నేను అడగలేదు. విచారణాధికారికి కొన్ని ప్రశ్నలు అడగకుండా ఉండటం కూడా రావాలి.

మంగళవారం ఉదయం నేను కూడా గొడుగు వేసుకుని వెనకాల నడిచాను. ముందు డప్పు, వెనక చేటలో పసుపు అన్నం. "పొలీ... పొలి" అని కేకలు వేస్తూ గట్టుపేట ఇళ్ల వెనకనుంచి, ఇసుకమెరక చేల అంచు దాకా తిరిగారు. తమ చేల అంచున అన్నం పడుతుంటే ఇసుకమెరక రైతులు అభ్యంతరం చెప్పకపోగా, చేటలో ఇంకో గుప్పెడు వేశారు. చివరి ఇల్లు ధర్మరాజుది. సుబ్బరాజు గారు ఆఖరి గుప్పెడు ఆయన చేతిలోనే పోశారు. ధర్మరాజు తన ఇంటి వెనక నిలబడి, ఆ గుప్పెడు మెల్లగా చల్లాడు. నా కళ్లు చెమ్మగిల్లాయి, అందులో దాచవలసిందేమీ లేదు.

తరువాత ఆయన చేయి కడుక్కోకుండానే వచ్చి, అభ్యంతరాన్ని స్వచ్ఛందంగా ఉపసంహరించుకుంటున్నట్టు సంతకం చేశాడు. కాగితం మీద పసుపు వేళ్ల ముద్రలు పడ్డాయి. శుభ్రమైన ప్రతి ఇంకొకటి తీసుకుందామని మా సూపరింటెండెంటు గారు అన్నారు. ఉన్నది ఉన్నట్టే పంపమన్నాను. జిల్లా పంచాయతీ అధికారి గారు ఫోన్ చేసి, "ఏంటండీ ఆ మరకలు, ఫైలు మీద పులిహోర తిన్నారా?" అని అడిగారు. జరిగింది చెప్పాను. అవతల చాలాసేపు నవ్వు వినిపించింది. సిఫారసు గడువు లోపల కలెక్టరు గారి దగ్గరికి చేరింది, ఉత్తర్వు వచ్చింది, గెజిట్‌లో అచ్చయింది. వర్షాలు పడకముందే ఇసుకమెరక పైపు గట్టుపేటలోకి వచ్చింది.

ఆ తరువాతి జాతరకు నన్ను పిలిచారు. ధర్మరాజు ఇంట్లో దిగిన గరగ ఉదయం ఆయన తల మీద బయటికి వచ్చింది. గుమ్మంలో వీరలక్ష్మి ఆయన కాళ్ల మీద బిందెడు పసుపునీళ్లు పోసింది. తరువాత ఇంకో బిందె. ఆ తరువాత మరొకటి. డప్పులవాళ్లు ఎదురుచూస్తున్నారు. "ఇంక చాలమ్మా, ఊరంతా తిరగాలి" అన్నారు సుబ్బరాజు గారు.

"పొయ్యనివ్వండి రాజుగారూ. ఇన్నేళ్లూ సెంబుతో సరిపెట్టాను. ఇప్పుడు కుళాయి గుమ్మంలో ఉంది" అని నాలుగో బిందె ఎత్తింది.

ఒక హద్దు మార్చేటప్పుడు, దాన్ని అక్కడి మనుషులు ఇంకా దేనికి వాడుకుంటున్నారో టముకు వేయించక ముందే కనుక్కోవాలి. సర్వే నంబర్లలో అది కనిపించదు, అడిగితేనే చెబుతారు. మిగిలిన సర్వీసులో నేను చూసిన ప్రతి హద్దు ఫైలులోనూ ఆ ప్రశ్నను మొదటి తనిఖీలోనే అడిగాను. సమాధానం ప్రతిచోటా వేరుగా వచ్చింది, ఏమీ లేదన్న ఊరు మాత్రం ఒక్కటీ తగల్లేదు.