డిస్కు మీద సిందూరం

మా నాన్న మీద నాకు కోపంగా ఉంది. చల్లారాక రాద్దామని ఆగి చూశాను. చల్లారేలా లేదు, అందుకే రాస్తున్నాను.

మేముండేది బర్మామైన్స్‌లో, ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో అదొక పేట. నాన్న రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పాడైన వేగన్లను తెచ్చి నిలబెట్టే సిక్ లైన్‌లోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. బ్రేకుల పని ఆయనది. నా చిన్నప్పుడు అన్నం తింటూ కూడా బ్రేకుల గురించే చెప్పేవాడు. బ్రేకు పట్టే చోట నూనె పడితే ఎంత ప్రమాదమో మా ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మతో సహా. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

నేను బడిలో లెక్కలు చెప్తాను. నలభై దాటాక నా కోసమని కొనుక్కున్న మొదటి వస్తువు ఒక మౌంటెన్ బైక్. ఈ ఊళ్ళో సైకిలంటే షిఫ్టుకి పోయే బండి. హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకుని గోల్‌మురి ఫ్యాక్టరీల వైపు పోయేవాళ్ళని చూస్తూ పెరిగాను. లావు టైర్ల సైకిలెక్కి, హెల్మెట్ పెట్టుకుని, ఏ పనీ లేకుండా అడవిలోకి పోవడమేమిటో ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. మింగుడుపడకపోతే మానె అనుకున్నాను. ఆదివారం తెల్లారగానే మా బడిలోనే పనిచేసే స్నేహితురాలూ నేనూ నది దాటి, హైవే వదిలి, దల్మా కొండ కింద అడవి బాట పట్టేవాళ్ళం. సాల్ చెట్ల మధ్య ఒక్క మనిషి పట్టేంత ఎర్రమట్టి దారి. దారిలో ఏనుగు పేడ పచ్చిగా కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి తిరిగేవాళ్ళం. ఎక్కేటప్పుడు ఊపిరాడేది కాదు. దిగేటప్పుడు మాత్రం దిద్దని పరీక్ష కాగితాలూ, పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళ మొహాలూ ఒక్కటీ గుర్తుండేవి కావు. వారమంతా నేను ఆ దిగుడు కోసమే బతికేదాన్ని. అందులో అతిశయోక్తి లేదు.

ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజ పెద్ద పండగ. ఆ రోజు యంత్రాలన్నిటికీ స్నానం, నూనె, సిందూరం, బంతిపూల దండ. పూజయ్యాక ఏదీ కదలకూడదు, వాటికి సెలవు. నాన్న రిటైరైనా ఇంట్లో ఆ పూజ మానలేదు. అమ్మ కుట్టు మిషను, ఆయన పాత సైకిలు, స్కూటరు, మిక్సీ అన్నీ వరండాలో వరసగా పెడతాడు. నా సైకిలు కొన్న ఏడు దాన్నీ ఆ వరసలో నిలబెట్టాడు. ఆయన మొహంలో సంతోషం చూసి నాకూ ముచ్చటేసింది. నూనె డబ్బా పట్టుకుని గొలుసు నుంచి బోల్టుల దాకా ఏదీ వదలకుండా తడిపాడు. నేను బడికి పోయే తొందరలో ఉన్నాను.

ఆ ఆదివారం వానపడి వెలిసింది. నది దాటేటప్పుడు బ్రేకులు కీచుమన్నాయి, సరిగా పట్టలేదు కూడా. వానలో బ్రేకు డిస్కు తడిస్తే మామూలే, కాస్త దూరం పోతే ఆరుతుంది. కొండ ఎక్కాం. దిగేటప్పుడు మొదటి వాలులోనే రెండు లివర్లూ గుప్పిట్లోకి నొక్కాను. సైకిలు ఆగలేదు. ఇంకా నొక్కాను. అరుపు వచ్చింది గాని వేగం తగ్గలేదు. ఎదురుగా మలుపు, మలుపులో చెట్టు. కావాలనే పక్కనున్న మట్టిగట్టు మీదకి పడ్డాను. భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

స్నేహితురాలు సాయం కోసం కింది ఊరికి పరిగెత్తింది. నేను సైకిలు పక్కనే పడుకుని ఉన్నాను. ముందుచక్రం నా మొహానికి ఎదురుగా ఉంది. చక్రం మధ్య పళ్ళెంలా మెరిసే రేకే డిస్కు, బ్రేకు పట్టేది దాన్నే. దాని మీద చుట్టూ నూనెలో కలిపిన సిందూరం మరకలు. వేలు పెడితే ఎర్రగా, జిడ్డుగా అంటుకుంది. వాసన మా వరండాది.

ఆయన పాత సైకిలుకి బ్రేకు రిమ్ము దగ్గర పడుతుంది, కాబట్టి రిమ్ములు శుభ్రంగా తుడిచాడు. మధ్యలో మెరుస్తున్న రేకు అలంకారమనుకున్నాడు. ఉద్యోగమంతా బ్రేకులు చూసిన మనిషి నా సైకిలుకి బ్రేకు ఎక్కడుందో పోల్చుకోలేకపోయాడు. పొరపాటు ఎవరైనా చేస్తారు. ఆసుపత్రిలో నేనే మెల్లగా చెప్పాను, "నాన్నా, డిస్కుకి నూనె పూసీసేవు" అని.

"బ్రేకులు సూసినోణ్ణి, నాకే సెప్తావేటి?" అన్నాడు. "నువ్వే జోరుగా దిగేవు."

అంతే. ఆ మాటే ఊరంతా తిరిగింది. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ మంచం పక్కన కూచుని, ఆడదానికి అడవిలో సైకిలేటని అడిగారు. పక్కింటావిడ అయితే టీ తాగినన్ని సార్లు అడిగింది. నాన్న అక్కడే కుర్చీలో కూచుని వినేవాడు. తప్పు దానిది కాదు అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. పైగా, "సెప్తే ఇంటాదేటండీ?" అనేవాడు. ఎముక విరిగిన నొప్పి మందుకి తగ్గింది. ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది.

భుజం కుదురుకున్నాక డిస్కులు స్పిరిట్‌తో తుడిచి, బ్రేకు ప్యాడ్లు కొత్తవి తెచ్చి వేసుకున్నాను. మర్నాడు చూస్తే సైకిలు వరండా గ్రిల్లుకి గొలుసుతో కట్టేసి ఉంది. తాళంచెవి నాన్న మొలతాడుకి. జీతం తెచ్చి ఇల్లు నడిపేదాన్ని నేను, నా సైకిలుకి గొలుసు! అరిచాను, అన్నం మానేశాను, మాట్లాడటం మానేశాను. అమ్మ ఇద్దరి మధ్యా తిరిగి అలిసిపోయి, "ఆయనకి నీ గురించి బయమే, ఒగ్గీవే" అంది. స్నేహితురాలు ఆదివారాలు ఒక్కతే పోవడం మొదలుపెట్టింది. నేను కిటికీలోంచి ఆ గొలుసుని చూస్తూ పరీక్ష కాగితాలు దిద్దాను.

మళ్ళీ విశ్వకర్మ పూజ వచ్చింది. పొద్దున్నే వరండాలోకి వచ్చేసరికి నాన్న సైకిలు కడిగి, పెడల్ గొలుసుకి నూనె వేస్తున్నాడు. రెండు డిస్కులకీ పాత లుంగీ చింపిన గుడ్డలు చుట్టి, జారకుండా దారంతో కట్టి ఉన్నాయి. సిందూరం హ్యాండిల్ మీద మాత్రమే పెట్టాడు.

అంటే ఆయనకి తెలుసు. ఏడాదంతా తెలుసు. తెలిసే ఆ కుర్చీలో కూచుని, నన్ను అందరూ అన్నన్ని మాటలూ అననిచ్చాడు.

"ఆ గుడ్డలెందుకు నాన్నా?" అన్నాను.

"నూనె పడకండా."

"పడితే ఏటవుద్ది?"

నూనె డబ్బా కింద పెట్టాడు.

"తాళం ఇయ్యి."

"ఈయేల బండి తియ్యకూడదమ్మా. మషీన్‌కి ఆరామ్."

"ఏడాదిగా ఆరామ్‌లోనే ఉంది."

నాన్న మొలతాడు నుంచి తాళంచెవి విప్పి గట్టు మీద పెట్టాడు. నేను తాళం తీసి, గుడ్డలు విప్పి, దండ తీసి ఆయన పాత సైకిలుకి తగిలించి, హెల్మెట్ పెట్టుకున్నాను. మా ఇంట్లో ఆ రోజున బండి కదలడం అదే మొదటిసారి.

గేటు దగ్గర పక్కింటావిడ ప్రసాదం కోసం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "మళ్ళీ అడివికేటే? పడింది సాల్లేదా?" అంది.

నేను ఒక కాలు నేల మీద పెట్టి ఆగాను. నాన్న వైపు తిరిగి ఎదురుచూశాను. ఒక్క వాక్యం చాలు. ఆవిడ ముందు అంటే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. నాన్న ఆవిడ వైపు చూడలేదు. నా ముందుచక్రం వైపే చూస్తూ, "బ్రేకు సూసుకో అమ్మా" అన్నాడు.

రెండు లివర్లూ నొక్కాను. సైకిలు కదలకుండా నిలబడింది.

"బాగానే పడతన్నాయి నాన్నా," అన్నాను, ఆవిడకి కూడా వినపడేలా. "ఈసారి నువ్వు నూనె పుయ్యలేదు కదా."