ముగ్గు మీద గేర్ ఆయిల్

గేర్ ఆయిల్ వాసన ఎరగనివాళ్లు అదృష్టవంతులు. డీజిల్‌తో, కిరసనాయిలుతో ఎలాగో కాపురం చేయవచ్చు. గేర్ ఆయిల్ అలా కాదు. కుళ్లిన గుడ్డులో వెల్లుల్లి దంచి, వారం రోజులు మూత పెట్టి తీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చేతికి అంటితే సబ్బుకు పోదు, సర్ఫుకు పోదు, నిమ్మచెక్కతో రుద్దితే నిమ్మచెక్క కూడా కంపు కొడుతుంది. అన్నం కలుపుకుంటే మొదటి ముద్దతో పాటు అదీ నోటి దాకా వస్తుంది. ఏడు నెలలు నేను అలాగే తిన్నాను.

నేను బట్టల వ్యాపారిని. వరంగల్‌లో చిన్న దుకాణం ఉంది కానీ అమ్మకమంతా వారం వారం జరిగే అంగళ్లలోనే. వారంలో ఒకరోజు నర్సంపేట, ఒకరోజు ములుగు. తువ్వాళ్లు, లుంగీలు, లంగాలు, జాకెట్ ముక్కలు మూటలు కట్టి, వెనక సీట్లు పీకేసిన పాత జీపులో వేసుకుని పోతాను. బండికి ఇరవై ఏళ్లు దాటాయి. నాకు శుభ్రం మీద పట్టింపు ఎక్కువ, మా ఇంట్లో దాన్ని పిచ్చి అంటారు. తువ్వాల మడత విప్పే ముందు చేతులు తుడుచుకునే మనిషిని. అలాంటిది, బండి నుంచి ఆ ఆయిల్ కారడం మొదలై రోజూ తుడవాల్సి వచ్చాక, నా చేతి నుంచి ములుగు అంగట్లో ఒకామె కొత్త తువ్వాల తీసుకుని, ముక్కు దగ్గర పెట్టి చూసి, ఏమీ అనకుండా మళ్లీ మూట మీద పెట్టి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఆ ఆయిల్ ఎక్కడి నుంచి కారుతుందో తెలియకముందే నేను ఒక మనిషిని నలుగురిలో దొంగ అన్నాను. ఆయిల్ సంగతి తర్వాత తేలింది. ఆ మాట సంగతి ఇప్పటికీ తేలలేదు.

జీపు మా గేటు ముందే పెడతాను. మా ఆవిడ పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పి చల్లి, ముగ్గు వేయాలంటే నేను బండిని నాలుగడుగులు ముందుకు జరపాలి. పోయిన వానాకాలం మొదలైన కొత్తలో ఒకరోజు జరిపి చూస్తే కింద చపాతీ అంత మరక. ఆమె బూడిద వేసి రుద్దింది, సర్ఫు వేసి కడిగింది. మర్నాడు మళ్లీ అంతే. ముగ్గు గీత ఆ మరక దగ్గరికి వచ్చేసరికి తెగిపోయేది. పిండి నూనెలో నాని, గోధుమరంగు ముద్దయ్యేది.

"బండి బాగుచేయిస్తరా, ముగ్గు పక్కింటి ముందట ఏసి రావాల్నా?" అని అడిగింది మా ఆవిడ.

నర్సంపేట రోడ్డు మీద బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు ఒకటి ఉంది. దాని మేస్త్రి చేతిలోనే పదేళ్లుగా నా బండి నడుస్తోంది. మాట తక్కువ మనిషి. నాకు అదీ చిరాకే. నేను పది మాటలు అంటే ఆయన ఒకటి అంటాడు, అదీ బండి కింద నుంచి. గేర్ బాక్స్ వెనక, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్ పోయిందని చెప్పి కొత్తది వేశాడు. పది రోజులు బాగుంది, మళ్లీ చుక్క. ఈసారి ఇంకో సీల్ వేసి, పక్క మూతకు ప్యాకింగ్ కూడా మార్చాడు. మళ్లీ చుక్క. మూడోసారి పోతే బండి కింద చాలాసేపు టార్చి వేసి చూశాడు.

"కింద ఈ నల్ల రంగు ఎవలు ఏసిన్రు సేటూ?"

"నేనే ఏసిన, తుప్పు పట్టకుండ. ఏం, బాగలేదా?"

"బాగనే ఉంది. ఒక్కరోజు బండి ఇడిచిపెట్టు. గేర్ బాక్స్ దించి పైన చూడాలె."

"రేపు ములుగు అంగడి ఉంది. ఎట్ల ఇడిచిపెట్టాలె?"

"గట్లయితే ఎల్లుండి తే."

ఎల్లుండి నాకు ఏ పనీ లేదు. అయినా పోలేదు. చిన్న చుక్కకు గేర్ బాక్స్ మొత్తం దించడం ఏమిటి, లేని పని పుట్టిస్తున్నాడు అనుకున్నాను. ఆ రోజుకు సీల్ ఒక్కటి మార్పించుకుని వచ్చేసినవాణ్ణి మళ్లీ అటు పోలేదు. ఆ తువ్వాల వాసన చూసిన ఆమె ఎదురైంది ఆ తర్వాతి వారమే.

ఆ కోపంతోనే ములుగు నుంచి వచ్చిన మర్నాడు షెడ్డుకు పోయాను. మేస్త్రి ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతున్నాడు. చుట్టూ జీపుల డ్రైవర్లు, అంగళ్లకు తిరిగే మా వ్యాపారులు ఇద్దరు. నేను కూర్చోలేదు.

"కొత్త సీల్ అని చెప్పి పాతదే కడిగి ఏస్తున్నవు మేస్త్రీ. ఇది దొంగతనం కాదా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "సీల్ కొత్తదే సేటూ. ఇంకేదో ఉంది. జర దించి చూస్త అంటె నువ్వే ఇడుస్తలేవు."

"దొంగలందరు గిట్లనే అంటరు" అన్నాను.

ఆయన లేచి, మిగిలిన చాయ్ అక్కడే వదిలి, రోడ్డు దాటి షెడ్డులోకి పోయాడు. గెలిచినట్టు నేను ఆయన స్థలంలో కూర్చుని చాయ్ చెప్పాను.

అంగట్లో మా వరస ఏళ్ల తరబడి మారదు. లుంగీల ఆయన పక్కన నేను, నా పక్కన చెప్పుల ఆయన, అవతల గాజులవాళ్లు. పొద్దున నీడకు కట్టిన ఒక పరదా కింద పుట్టిన మాట మధ్యాహ్నం లోపల చివరి పరదా దాకా పోతుంది, మర్నాడు ఇంకో ఊరి అంగడికి పోతుంది. మేస్త్రి సంగతి నేనే ఐదారుసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెంచాను. పాత సీల్‌ను కిరసనాయిలులో కడిగి, కొత్త కవర్లో పెట్టి, మన కళ్ల ముందు కవర్ చింపి వేస్తాడు అన్నాను. ఆ కవర్ సంగతి పూర్తిగా నా కల్పన. చెబుతుంటే వాళ్లు నోరు తెరుచుకుని వినేవాళ్లు, నాకు హాయిగా ఉండేది. దాచడం ఎందుకు, చాలా హాయిగా ఉండేది. రెండు నెలల్లో అంగళ్లకు తిరిగే బండి ఒక్కటి కూడా ఆ షెడ్డు ముందు ఆగకుండా పోయింది.

నా బండి మాత్రం కారుతూనే ఉంది. వరంగల్ పట్నంలో పెద్ద షెడ్డుకు తీసుకుపోతే అక్కడి మేస్త్రి సరిగా చూడకుండానే తెల్లటి పేస్టు గేర్ బాక్స్ చుట్టూ మెత్తి పంపాడు. మూడు రోజులకు పేస్టు మీది నుంచి కారింది. ఇంకొకడు చిక్కటి ఆయిల్ పోస్తే కారదన్నాడు. ఆ చిక్కటిది ఇంకా ఎక్కువ కంపు. మరొకడు ఒంటి సబ్బు బిళ్ల తీసి సందుల్లో రుద్దాడు. ఆయిల్, సబ్బు కలిసి నురగలు కక్కుతూ దారి పొడవునా కారిన రోజు నాకు నిజంగా వాంతి వచ్చింది. ఒక్కడూ అది ఎక్కడ పుడుతోందని చూడలేదు. చుక్క ఎక్కడ పడితే అక్కడ పూశారు.

అప్పుడే మా వంటింట్లోకి పందికొక్కు రావడం మొదలైంది. ఏ దారిన వస్తోందో తెలియక మా ఆవిడ పడుకునే ముందు గోడల వెంట ముగ్గు పిండి చల్లింది. పొద్దున పిండిలో కాళ్ల గుర్తులు పట్టుకుని పోతే నీళ్లు పోయే మోరీ పక్కన సందు దొరికింది. దాన్ని సిమెంటుతో మూసి, చేతులు కడుక్కుంటూ నాతో అంది.

"మీ బండి కింద గూడ చల్లుండ్రి. యాడ్నుంచి వస్తాందో అదే చెప్తది."

నవ్వాను. అంతమంది మేస్త్రీలకు దొరకనిది ముగ్గు పిండికి దొరుకుతుందా అన్నాను. మర్నాడు చేయడానికి ఇంకేమీ మిగలక, గోనె పరుచుకుని బండి కింద పడుకున్నాను. గేర్ బాక్స్‌ను కిరసనాయిలుతో, సర్ఫుతో కడిగి, అమ్ముడుపోని లుంగీలతో తడి లేకుండా తుడిచాను. పిండి గుప్పెళ్లతో కొట్టాను. సగం కళ్లలో, నోట్లో పడింది. డ్రైవర్ కాళ్ల దగ్గర గేర్ రాడ్ చుట్టూ ఉండే రేకు విప్పి, పై నుంచి కూడా చల్లి, మళ్లీ బిగించాను. ఆ మర్నాడు మూటలు వేసుకుని నర్సంపేట పోయి సాయంత్రం వచ్చాను. ఇంజన్ ఆపగానే కిందికి దూరాను.

ఒక్క చోట తడి ఉంటుందని నా నమ్మకం. అలా లేదు. వెనక సీల్ చుట్టూ సన్నటి తడి అంచు, పక్క మూత చుట్టూ అంచు, ముందు వైపు అతుకు దగ్గర అంచు. అతుకు ఎక్కడ ఉంటే అక్కడల్లా పిండి తడిసింది. లోపల ఏదో కూర్చుని, దొరికిన ప్రతి సందులోంచి ఆయిల్‌ను బయటికి తోస్తున్నట్టుంది. పైకెక్కి రేకు విప్పాను. పైన పిండి పొడిగా ఉంది. దాని మధ్యలో పెన్ను మూత అంత చిన్న బుడిపె, నల్లగా నిగనిగలాడుతోంది.

ఆ నలుపు నాదే. వానలకు ముందు డబ్బా కొనుక్కొచ్చి, రెండు రోజులు బండి కింద దొర్లి, ఈ రేకు కూడా విప్పి, కనపడ్డ ఇనుముకల్లా రంగు పూశాను. ఈ బుడిపెకే అన్నిటికన్నా ముందు తుప్పు పడుతుందని దీనికి మాత్రం రెండుసార్లు దట్టంగా పూశాను. నా శుభ్రం పిచ్చి అంతా అక్కడ గడ్డకట్టి ఉంది.

మా ఆవిడ గాజులకున్న పిన్నీసు అడిగి తీసుకుని, బుడిపె పక్కన రంగు గీకితే దాని కింద చిన్న బెజ్జం జాడ కనిపించింది, దాంట్లో గుచ్చాను. ఫుస్సుమని వేడి గాలి, దాంతో పాటు ఆయిల్ నురగ నా ముఖం మీద కొట్టింది. నోరు తెరిచి ఉంది. ఎంత ఉమ్మినా, ఎన్ని నీళ్లు పుక్కిలించినా ఆ కుళ్లు నాలుక మీంచి పోలేదు.

"ఏందది?" అంది ఆమె చెంబు పట్టుకుని.

"గాలి" అన్నాను.

మర్నాడు బండి జరిపితే కింద నేల పొడిగా ఉంది. ఏడు నెలల తర్వాత ముగ్గు ఎక్కడా తెగకుండా పడింది. ఆమె సంబరపడింది. నాకు మాత్రం ఒకటే ప్రశ్న చెవిలో తిరుగుతోంది. కింద ఈ నల్ల రంగు ఎవలు ఏసిన్రు సేటూ. ఆ రోజు మేస్త్రి దాదాపు దాన్ని పట్టుకున్నాడు. ఒక్కరోజు అడిగాడు, అంతే.

వెంటనే పోయి చెప్పానా? లేదు. మూడు వారాలు ఆ షెడ్డు ముందు నుంచే పోయాను, వచ్చాను, ముఖం అవతలికి తిప్పుకుని. ఓరకంట చూస్తే లోపల ఒక పాత మోపెడ్, డబ్బా బోర్లించుకుని కూర్చున్న మేస్త్రి. మా ఆవిడ రెండుసార్లు అడిగింది, చెప్తానన్నాను. మూడోసారి అడగలేదు.

"దొంగ అననీకి లేసిన నోరు ఇప్పుడెందుకు లేస్తలేదు?" అంది.

పోయాను. రంగు సంగతి, పిన్నీసు సంగతి, అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు.

"అది గాలి పోయే తొవ్వ సేటూ. మూస్తె వేడికి లోపల గాలి ఉబ్బుతది. ఎన్ని కొత్త సీళ్లు ఏసినా నూక్కొని వస్తది."

"తప్పయింది మేస్త్రీ."

"నాకెందుకు చెప్తున్నవు? సీల్ కొత్తదని నాకు ముందే తెలుసు. తెలవనోళ్లకు చెప్పు."

తర్వాతి నర్సంపేట అంగడి రోజు, మూటలు విప్పకముందే, అందరూ చాయ్ దగ్గర ఉన్నప్పుడు చెప్పాను. మేస్త్రి తప్పు ఏమీ లేదు, నేనే రంగు పూసి మూశాను, కవర్ సంగతి కూడా నేనే కల్పించాను అని ఒక్కొక్కటే చెప్పాను. లుంగీల ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీది మంచి మనసే అన్నా. వాని కడుపు మీద కొట్టద్దని గిట్లంటున్నవు."

"మనసు కాదు, నిజమే చెప్తున్న."

"నిజం నాకెరికలేదా? నా బండికి గూడ గట్లనే ఏసిండు. పాత సీల్ కడిగి, కొత్త కవర్ల పెట్టి, నా ముందటనే కవర్ చింపిండు. కండ్లార చూసిన."

ఆ కవర్ నేను పుట్టించింది. అది ఎక్కడా లేదు. ఆయన దాన్ని కళ్లారా చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపి, నా వైపు ఇంతకు ముందు లేని గౌరవంతో చూశారు. ఇంకోసారి కాదన్నాను. అప్పటికే మాట పత్తి ధర మీదికి పోయింది. ఎవరో నాకు ఇంకో చాయ్ తెప్పించారు. నా మీద నాకు రోత పుట్టింది, అయినా ఆ చాయ్ తాగాను.

సాయంత్రం తిరిగి వస్తూ షెడ్డు ముందు ఆపాను.

"చెప్పినవా సేటూ?" అన్నాడు మేస్త్రి.

"చెప్పిన."

నమ్మారా అని ఆయన అడగలేదు. వంగి బండి కిందికి చెయ్యి పెట్టి, గేర్ బాక్స్ అడుగున వేలితో రాసి, ఆ వేలు నాకు చూపించాడు. పొడిగా ఉంది. "చుక్క లేదు" అని నవ్వాడు. తన చేత్తో బాగుచేసినంత సంతోషంగా నవ్వాడు.

అంతలో లుంగీల ఆయన బండి వచ్చింది. షెడ్డు వైపు చూడకుండా, నన్ను చూసి హారన్ కొట్టి, కిటికీలోంచి చెయ్యి ఊపి పోయాడు. మేస్త్రి ఆ బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. అప్పటికే నేనూ చెయ్యి ఊపాను.