పూర్ ఫండ్ పుస్తకం

నాకు నోటి దురద ఎక్కువ. చిన్నప్పుడు దానికి మా అమ్మ తిట్టేది, తర్వాత మా ఆవిడ అందుకుంది. ఆ దురదనే సేవ అనుకుని నేను కొన్నేళ్లు గర్వపడ్డాను.

డెబ్బైల్లో గుణుపురంలో ఒక కాలేజీ ఆఫీసులో గుమస్తాగా ఉండేవాణ్ణి. మా నాన్న రాయగడలో రైల్వే మనిషి. రైల్వేలో ఏం పని అని ఎవరైనా అడిగితే మాట మార్చేసేవాణ్ణి. ఎండలో పట్టాల మీద సమ్మెట పట్టే పని అని ఏనాడూ చెప్పలేదు.

కాలేజీ కాగితాలన్నీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండేవి. రామనగుడ వైపు పల్లెల్లో సేద్యం చేసుకునే మన తెలుగువాళ్లు ఒడియాలో గలగలా బేరాలాడేవారు గాని చదవలేకపోయేవారు. అందుకని జూన్ వచ్చిందంటే నా టేబుల్ చుట్టూ మూగేవారు. చేరేరోజు కట్టేదే ఫీజు, ఇంకేమీ ఉండదనుకునేవారు. హాస్టల్ మెస్సుకి ముందే కట్టాలని, లేబరేటరీలో గాజుసామాను కోసం డిపాజిట్ తీసుకుని చివర్లో తిరిగిస్తారని, పుస్తకాల ఖర్చు వేరే అని విడమరిచి చెప్పేవాణ్ణి. అసలు చిక్కు ఎంత అన్నది కాదు, ఎప్పుడు అన్నది. కాలేజీ డబ్బు అడిగేది నాట్లప్పుడు. రైతు చేతిలో డబ్బు ఆడేది పుష్యమాసంలో. కోతలయ్యాక కడతామని అర్జీ పెట్టుకుంటే వాయిదా ఇస్తారని నేను చెప్పగానే వాళ్ల మొహాలు విప్పారేవి. అది చూడటం నాకు మహా ఇష్టం.

మరీ ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకి పూర్ ఫండ్ ఉండేది. అందులో పేరొస్తే ఫీజు మాఫీ, హాస్టల్ ఖర్చులో సాయం. పేర్లొచ్చినవాళ్ల జాబితా బోర్డుకి అంటించేవారు. అది చదవలేని తండ్రుల కోసం నేనే ఒక ఆనవాయితీ పెట్టాను. సంత రోజున బస్టాండు పక్క టీ హోటల్లో బల్ల మీద కూర్చుని ఆ జాబితాను తెలుగులో పైకి చదివేవాణ్ణి. పేరు, తండ్రి పేరు, ఊరు. హోటలంతా చెవులప్పగించేది. నా టీకి నన్ను ఎవరూ డబ్బులియ్యనిచ్చేవారు కాదు.

ఒక ఏడాది, మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లిన వేళ చూసుకుని ఒక రైతు వెనక గుమ్మంలోంచి వచ్చాడు. రామనగుడ దగ్గర పల్లె, అరవై దాటిన మనిషి. ఊళ్లో ఏ తగువైనా ఆయన అరుగు మీదే తీరేది. వెంట ఆఖరి కూతురు. మెట్రిక్ ఫస్టు క్లాసులో పాసైంది, ఐఎస్సీలో, అంటే ఇంటర్ సైన్సులో, చేరాలని పట్టు. వంశధార వరదకి ఆయన పొలంలో సగం ఇసక మేటేసింది. కాగితం మీద భూమి ఉంది, గాదెలో గింజ లేదు.

"బావూ, ఆ ఫండేదో అమ్మికి వొచ్చీలాగ సూడు. ఇది మనిద్దరి మద్దినే ఉండాల. నా పెద్దకొడుక్కి కూడా తెల్దు."

"నాను సూసుకుంతాను మావయ్యా. మీకేటి బెంగ వొద్దు," అన్నాను.

దరఖాస్తు నేనే నింపాను. పిల్లని చూసి ముచ్చటేసి, నేను బరంపురంలో చదివినప్పటి కెమిస్ట్రీ పుస్తకం మర్నాడు తెచ్చిచ్చాను. ఇచ్చేముందు మొదటి పేజీలో ఉన్న ఒక ముద్ర మీద తెల్లకాగితం అంటించాను. అది ఆ కాలేజీ పూర్ ఫండ్ ముద్ర, కింద నా పేరు. నేను చదివింది ఆ ఫండు మీదే. అక్కడ జాబితా పెట్టిన రోజున, అందరూ వెళ్లిపోయేదాకా క్యాంటీన్ వెనక నిలబడి, చీకటి పడుతుంటే వచ్చి నా పేరు చూసుకున్నాను. ఆ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

జాబితా వచ్చింది. సంత రోజున ఎప్పటిలాగే బల్లెక్కాను. ఎదర బెంచీ మీద గ్లాసు పట్టుకుని ఆయనా ఉన్నాడు, పక్కనే వాళ్ల ఊరివాళ్లు నలుగురు. చదువుతూ చదువుతూ ఉంటే అయిదో పేరుగా ఆ పిల్ల పేరు వస్తోందని ఒక వరస ముందే నాకు కనిపించింది. మరిచిపోయి చదివాను అని చెబితే అబద్ధం. ఇచ్చిన మాట గుర్తుంది. ఒక్క పేరు దాటేస్తే అయిపోయేది. కాని హోటలంతా నా నోటికేసి చూస్తోంది, నా గొంతు నాకే బాగుంది. చదివేశాను. తండ్రి పేరుతో, ఊరితో సహా.

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టి, టీ డబ్బులిచ్చి, ఎవరికేసీ చూడకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు ఆఫీసుకి వచ్చాడు, ఈసారి ముందు గుమ్మంలోంచే. కూతురు గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అమ్మి పేరు కొట్టీ బావూ," అన్నాడు.

"మావయ్యా, తప్పు నాది. నా మీద కోపంతో పిల్ల సదువు ఆపకండి. ఫండు తీసుకుంతే పరువుకేటి?"

"నీకేటి, సెప్తావు. రేపు తగువు తీరుద్దామని కూకుంతే, పూర్ ఫండోడి మాట మాకేటని నా మొహాన్నే అంతారు." ఆయన మనసులో కూడా పిల్లని చదివించాలనే ఉంది, గొంతులో తెలుస్తోంది. "నువ్వు సదువుకున్నోడివి. ఒక మాటడుగుతాను, నిజం సెప్పు. నువ్వు సదివినప్పుడు ఇలాటిది తీసుకున్నావేటి?"

ఆయన అడిగింది నన్ను దెప్పడానికి కాదు. ఔనను, నేనూ ఒప్పుకుంటాను అన్నట్టు అడిగాడు. పక్క టేబుల్ దగ్గర హెడ్ గుమస్తా కలం ఆపాడు.

"నేదు మావయ్యా. మా నాన్న కట్టేడు," అన్నాను.

ఆయన తలూపాడు. "అదీ మరి," అన్నాడు మెల్లిగా.

ఫండు లేకుండా ఆయన కట్టలేడు. సీటు వద్దని అర్జీ నేనే ఒడియాలో రాశాను. కింద ఆయన తెలుగులో సంతకం పెట్టాడు. ఆ పిల్ల ఏడవలేదు, ఒక్క మాట అనలేదు. నాకేసే చూస్తూ నిలబడి, తండ్రి లేవగానే వెంట వెళ్లిపోయింది. పాపం, ఏమీ తెలియని పిల్ల అనుకున్నాను.

పై వారం సంతకి వాళ్ల ఊరాయన చేత నా పుస్తకం తిరిగి పంపింది. పాత కేలండరు కాగితంతో అట్టేసి ఉంది. మొదటి పేజీ తీసి చూశాను. నేను బంకతో అడ్డదిడ్డంగా అంటించిన తెల్లకాగితం, ఇప్పుడు అంచులు సమంగా కత్తిరించి, గంజితో మళ్లీ అంటించి ఉంది. దాని మీద తన పేరు, తేదీ రాసుకుంది; జాబితా రాకముందు తేదీ. అంటే ఊడదీసి చూసింది. ముద్రా, ముద్ర కింద నా పేరూ చదివింది. ఆ రోజు గుమ్మంలో నిలబడి నా అబద్ధం వింటున్నప్పుడు ఆ పిల్లకి అంతా తెలుసు. ఒక్క మాటంటే తన చదువు నిలిచేది, నా పరువు పోయేది. పదహారేళ్ల పిల్ల నా పరువే నిలబెట్టింది.

తర్వాత హోటల్లో జాబితా చదవడం మానేశాను. ఎవరైనా తండ్రి వెనకాడితే కాగితం పీకేసిన ఆ పేజీ చూపించి, "నానూ తీసుకున్నాను మావయ్యా," అని చెప్పేవాణ్ణి. హెడ్ గుమస్తా మొదటిసారి విని నవ్వి, మళ్లీ తన పని తాను చూసుకున్నాడు. చాలామంది ఒప్పుకుని పిల్లల్ని చేర్చారు. చెప్పడానికి పెద్ద కష్టమేమీ కాలేదు. ఆ రోజు చెప్పినా ఇంతే అయ్యుండేది.