మడమ వెనక నరం

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. మోకాలి దాకా పిండికట్టు వేసుకున్న ఒక అమ్మాయిని స్నేహితురాలెవరో నా పక్కన కూర్చోబెట్టి దిగిపోయింది. ఏమైందని అడిగాను.

"పోలీసు సెలక్షన్లకు పరుగు ప్రాక్టీసు చేస్తాంటినక్కా. పొద్దున మడమ వెనక నరం తెగింది. ఎవరో వెనకనుంచి తన్నినట్లాయ. తిరిగి చూస్తే ఎవరూ లేరు."

"ముందు నొప్పి తెలియలేదా?"

"తెలిసింది. లేస్తానే కాలు బిగుసుకుపోతాండె. వార్మప్ లేకుండా ఉరకొద్దు, నొప్పుంటే నాలుగు దినాలు ఆపమని మా సారు చెప్తానే ఉన్న్యాడు. వయసు దాటిపోతాది, నాకు ఇదే ఆఖరుసారి. ఆపితే వెనకబడతానని ఇంకా ఎక్కువ ఉరికినా."

"సెలక్షన్లు ఎప్పుడు?"

"రేపు."

అంతలో ఆమె ఫోన్ మోగింది. "ఆఁ నాయనా, బాగనే ఉరికినా. వస్తాండా," అని పెట్టేసింది.

"ఇంటికి పోతే కట్టు కనపడుతుంది కదమ్మా," అన్నాను.

"కనపడతాది. బస్సు దిగేదాంకన్నా మా నాయన్ను సంతోషంగా ఉండనీ అక్కా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. బస్సు ఇంకాస్త మెల్లగా పోతే బాగుండునని నేను ఆళ్లగడ్డ దాకా అనుకుంటూనే ఉన్నాను.