బాబాయ్‌గారి బంగారు రోజులు

ఈ రోజు శుక్రవారం సెలవు కదా, కువైట్ మంగఫ్‌లో మా గదికి బాబాయ్‌గారు, పిన్నిగారు భోజనానికి వచ్చారు. చుట్టాలు కాదు, మా కోనసీమ వాళ్ళు. బాబాయ్‌గారు ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది.

చేపల పులుసు వడ్డిస్తుంటే ఆయన పాత రోజులు మొదలుపెట్టారు.

"అయ్యిరా అబ్బాయ్ రోజులంటే! మగాళ్ళందరం ఒకే రూములో ఉండేవోళ్ళం. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో. అద్దె గొడవే లేదు. నువ్వూ అమ్మాయిని పంపేసెయ్, హాయిగా ఉంటావ్."

మా ఆయన తల ఊపారు. అద్దె పెరిగినప్పటి నుంచీ ఆయన మనసులోనూ అదే ఉంది. నాకేమో వెళ్ళాలని లేదు. పెద్దవాళ్ళ ముందు నోరెత్తే అలవాటు నాకు లేదు.

పిన్నిగారు అందుకున్నారు. "హాయి మీకేనండీ. ఫోన్లు లేని ఆ రోజుల్లో మీ మాటలు నాకు క్యాసెట్టులో వచ్చేవి. మీరు సెలవుకొచ్చి దగ్గరికి రారా అంటే, మన పిల్లోడు ఏమన్నాడో చెప్పండి. మా నాన్న ఇందులో ఉన్నాడని టేపురికార్డరు చూపించలేదూ?"

మేము నవ్వేశాం. బాబాయ్‌గారు నవ్వలేదు. కలుపుతున్న అన్నం వదిలేసి మా ఆయన వైపు తిరిగారు.

"అద్దె సంగతి ఎలాగోలా చూద్దాంలే. అమ్మాయిని పంపకురా" అన్నారు.

"సరే బాబాయ్" అన్నారు మా ఆయన.

పిన్నిగారికి కృతజ్ఞతలు చెప్పడానికి కూడా సిగ్గేసి, ఆవిడ కంచంలో చేప ముక్కలు వేస్తూనే ఉన్నాను.

"చాలమ్మా, నాకర్థమైందిలే" అన్నారావిడ.

తనకు తోక ముక్కే మిగిలిందని మా ఆయన ఇంకా సణుగుతున్నారు. మీరే చెప్పండి, నేను చేసింది తప్పా?