ఇమ్దీనాలో మూడో పిలుపు

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. ముప్పై ఏళ్ళు ఆస్పత్రి వార్డుల్లో నర్సు పని చేసినాను. పోయినవాళ్ళెవరూ తిరిగొచ్చి నన్ను మంచినీళ్ళడగలేదు. ఎవరైనా అలాంటి కథ మొదలెడితే "చాల్లే లా, పని చూసుకో" అని మా ఊరి యాసలో కసిరే రకం నేను.

పోయినేడాది మా అమ్మని తీసుకుని మాల్టా దీవికి టూర్ వెళ్ళినాను. అమ్మకి ఎనభై దాటినాయి, మతిమరుపు జబ్బు. నన్ను కూడా మరిచిపోయేలోపు ఒక్కసారైనా విమానం ఎక్కించాలని నా పంతం.

ఆ దీవి నడుమ, గుట్ట మీద, ఇమ్దీనా అని కోటగోడల ఊరుంది. అబ్బ, ఏం ఊరండీ! తేనె రంగు రాయి, మెలికలు తిరిగే సందులు, గోడల మీంచి వేలాడే కాగితం పూలు, తలుపులకి చేప బొమ్మల ఇత్తడి పిడులు. మిట్టమధ్యాహ్నం మన చెప్పుల చప్పుడే మనకి వినబడుతుంది. మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో మార్కెట్ గోల పక్క పెరిగినదాన్ని, ఆ నిశ్శబ్దానికి నాకు కళ్ళనీళ్ళు తిరిగినాయి.

ఒక తలుపుని ఫోటో తీసుకుని వెనక్కి తిరిగితే అమ్మ లేదు.

ఊరి చివర కోటగోడ ఇటువైపు నడుమెత్తే. అటువైపు చూస్తే కళ్ళు తిరుగుతాయి. "మమ్మీ!" అని సందుకొకసారి అరుస్తూ పరిగెత్తినాను. అదే నేను చేసిన బుద్ధి తక్కువ పని. తోటపనికి వలసొచ్చిన మా ఎస్టేటు తెలుగు పెద్దవాళ్ళు ఒక్క పిలుపుకి పలకరు. దయ్యమైతే ఒకసారి, మహా అయితే రెండుసార్లు పిలుస్తుందట. మూడో పిలుపుకే పలకాలట. అమ్మ అన్నీ మరిచింది గానీ ఇది మరవలేదు.

చివరికి కోటగోడ దగ్గర దొరికింది. మా టూర్ గైడ్, ఆ దీవి ఆవిడే, అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. అమ్మ గోడ మీదికి ఎక్కేసిందట. ఈవిడ పరిగెత్తేలోపే ఎవరో ఆడమనిషి మూడుసార్లు కేకేసిందట, అమ్మ చక్కా దిగొచ్చేసిందట. పిలిచిన మనిషి మాత్రం కనబడలేదంది. ఆ కేక ఎలా వినబడిందో పలికి చూపించింది: "పై... డమ్మీ."

అమ్మని అడిగితే, "ఏటే, మాయమ్మ పిలిసింది కదా! మూడు సార్లు పిలిసినాక పలక్కపోతే తంతాది" అంది.

ఐసీ కార్డులో, అంటే సర్కారు గుర్తింపు కార్డులో, మా అమ్మ పేరు లక్ష్మి. పైడమ్మి అన్న పేరు నేను బుద్ధెరిగి వినలేదు.

ఇంటికి తిరిగొచ్చినాక సుంగై సుమున్ ఊళ్ళో ఉన్న మామయ్యని, అంటే అమ్మ తమ్ముణ్ణి, అడిగినాను. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసినాడు.

"ఆ పేరు నీకెవలు సెప్పినారు? బళ్ళో లక్ష్మని రాయించినాక ఆ పేరుతో పిలిసింది మాయమ్మొక్కతే. నువ్వు పుట్టకముందే పోయినాది."

జరిగిందంతా చెప్పినాను. ఆ దేశంలో తెలుగు గొంతు ఎక్కడిది మామయ్యా అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"మాయమ్మ సీకాకుళం నించి ఓడెక్కి, ఈ ఎస్టేటు పనికని ఒక సముద్రం దాటొచ్చినాది. కూతురు కోసం ఇంకోటి దాటడం ఏటే దానికి?"

ఇవాళ్టికీ అమ్మ బతికి పక్కగదిలో ఉంది. పిలిచింది ఎవరైనా, వాళ్ళకి దండం.